డాన్ స్టేలీ: పాయింట్ గార్డ్ నుంచి కాలేజీ కోచ్ దాకా – తరచుగా అడిగే ప్రశ్నలు

ఎవరీ డాన్ స్టేలీ?

అమెరికా మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఇవాళ అందరికంటే గట్టిగా వినిపించే కోచ్ పేర్లలో ఒకటి. 2008 నుంచి సౌత్ కరోలినా యూనివర్సిటీ జట్టును నడిపిస్తోంది. ఆమె చేతుల మీదుగా ఆ జట్టు 2017, 2022, 2024లో జాతీయ టైటిల్ గెలిచింది. కోచ్ కాకముందు ఆమె కూడా పేరున్న ప్లేయరే. ఒలింపిక్ స్వర్ణాల లెక్క చూస్తే చాలు: ప్లేయర్‌గా మూడు, అసిస్టెంట్ కోచ్‌గా రెండు, హెడ్ కోచ్‌గా ఒకటి. కాలేజీ ఆటలో ఇచ్చే నైస్మిత్ అవార్డును ప్లేయర్‌గానూ కోచ్‌గానూ అందుకున్న మొదటి వ్యక్తి ఆమే.

ఏ పొజిషన్‌లో ఆడేది?

పాయింట్ గార్డ్. బాస్కెట్‌బాల్ పెద్దగా చూడనివాళ్లకి వాలీబాల్‌తో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. మన ఊళ్లలో లిఫ్టర్ అంటాం కదా, బంతిని సరిగ్గా లేపి స్మాషర్‌కి అందించేవాడు. చప్పట్లన్నీ స్మాష్ కొట్టినవాడికే పోతాయి. కానీ లిఫ్టర్ బాగోలేకపోతే ఎంత పెద్ద స్మాషర్ అయినా చేసేదేం లేదు. పాయింట్ గార్డ్ పని అదే, ఇంకాస్త ఎక్కువ. బంతిని కోర్టు ఈ చివర నుంచి ఆ చివరికి తీసుకెళ్తూనే, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరికి గ్యాప్ దొరికింది, ఎవరు అలిసిపోయారు అన్నీ చూసుకోవాలి.

స్టేలీ ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. ఆరడుగులు దాటినవాళ్లు నిండిన ఆటలో అది తక్కువే. పైనుంచి చూడలేనివాళ్లు ముందే ఊహించడం నేర్చుకోవాలి. ఆమె కోచింగ్ మూలాలు అక్కడే ఉన్నాయని నాకనిపిస్తుంది. కోచ్ అయ్యాక కొత్తగా నేర్చుకున్నవి ఎన్ని ఉన్నా, ఆట చదివే అలవాటు మాత్రం అంతకుముందే ఉంది.

పుట్టి పెరిగిందెక్కడ?

1970 మే 4న ఫిలడెల్ఫియాలో పుట్టింది. ఐదుగురు పిల్లల్లో చివరిది. నార్త్ ఫిలడెల్ఫియాలో రేమండ్ రోజెన్ అనే ప్రభుత్వ గృహ సముదాయంలో పెరిగింది. తల్లి ఎస్టెల్ ఇళ్లు శుభ్రం చేసే పనికి వెళ్లేది. ఆట నేర్చుకుంది అక్కడి వీధి కోర్టుల్లో, ఎక్కువగా మగపిల్లలతో.

ఇంకో విషయం. ఎస్టెల్ సొంత రాష్ట్రం సౌత్ కరోలినా. చిన్నతనంలోనే ఉత్తరానికి వెళ్లిపోయింది. అంటే కూతురు 2008లో ఉద్యోగం కోసం వెళ్లింది అమ్మ పుట్టింటి వైపుకే.

కాలేజీలో ప్లేయర్‌గా టైటిల్ గెలిచిందా?

లేదు. ఆమె కథలో ముఖ్యమైన ముడి ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

1988 నుంచి 1992 దాకా వర్జీనియా యూనివర్సిటీకి ఆడింది. ఆ నాలుగేళ్లలో 2,135 పాయింట్లు, 729 అసిస్టులు (పాస్ ఇచ్చి పక్కవాళ్లతో వేయించిన బుట్టలు). 1991లో, 1992లో దేశంలోనే బెస్ట్ ప్లేయర్ అవార్డులు. జట్టు వరుసగా మూడేళ్లు ఫైనల్ ఫోర్‌కి, అంటే సెమీఫైనల్స్‌కి చేరింది. మూడుసార్లూ ఉత్త చేతులతోనే తిరిగొచ్చింది.

1990 సెమీస్‌లో స్టాన్‌ఫర్డ్ ఓడించింది. 1991లో ఫైనల్ దాకా వెళ్లి టెన్నెసీ చేతిలో ఓవర్‌టైమ్‌లో 70-67తో ఓడిపోయారు. ఆ మ్యాచ్‌లో స్టేలీ 28 పాయింట్లు, 11 రీబౌండ్లు (గురి తప్పి తిరిగొచ్చిన బంతిని అందుకోవడం). టోర్నీ బెస్ట్ ప్లేయర్ అవార్డు ఓడిన జట్టులో ఉన్న ఆమెకే ఇచ్చారు. అవతలివాళ్లు కప్పు పట్టుకుని గంతులేస్తుంటే చేతిలో ఆ ట్రోఫీ పెట్టుకుని నిలబడటం ఎలా ఉంటుందో ఊహించుకోండి. 1992 సెమీస్‌లో మళ్లీ స్టాన్‌ఫర్డే, ఈసారి 66-65. ఒక్క పాయింట్.

ఈ 66-65 అనే స్కోరు గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

ఒలింపిక్స్ సంగతేంటి?

1992 జట్టులో చోటు దొరకలేదు. కొన్నేళ్లు ఫ్రాన్స్, ఇటలీ, బ్రెజిల్, స్పెయిన్ లీగుల్లో ఆడింది. అప్పట్లో అమెరికాలో మహిళలకు ప్రొఫెషనల్ లీగ్ లేదు మరి.

1995లో అమెరికా జాతీయ జట్టు ఒక కొత్త పని చేసింది. ఒలింపిక్స్‌కి దాదాపు ఏడాది ముందు నుంచే జట్టును ఒకచోట పెట్టి, ప్రపంచమంతా తిప్పి మ్యాచ్‌లు ఆడించింది. 52 ఆడితే 52 గెలిచారు. ఆ ఊపులోనే 1996 అట్లాంటాలో ఎనిమిదికి ఎనిమిది గెలిచి, ఫైనల్లో బ్రెజిల్‌ను 111-87తో ఓడించారు. మొత్తం 60-0. ఆ జట్టు కోచ్ తారా వాన్‌డర్‌వీర్. 1990లో, 1992లో స్టేలీ కలలు చెరిపేసిన స్టాన్‌ఫర్డ్ కోచ్ కూడా ఆవిడే! రెండుసార్లు తనను ఓడించిన మనిషి దగ్గరే ఏడాది పాటు పనిచేసి స్వర్ణం తెచ్చుకుంది. ఓ పెద్ద కోచ్ ఏడాది పొడవునా జట్టును ఎలా నడుపుతుందో దగ్గరుండి చూసే అవకాశం అది. దానికి ఫీజు కట్టినా దొరకదు.

ఆ తర్వాత 2000 సిడ్నీ, 2004 ఏథెన్స్. ఏథెన్స్ ప్రారంభోత్సవంలో అమెరికా జెండా పట్టుకుని ముందు నడిచింది స్టేలీయే.

ప్రొఫెషనల్‌గా ఎలా ఆడింది?

బాగానే ఆడింది, అయితే ఆమె పేరు ప్రధానంగా నిలిచింది ఇక్కడ కాదు. ముందు ఏబీఎల్ అనే లీగ్‌లో ఆడింది, అది ఎక్కువ కాలం నిలవలేదు. 1999లో అమెరికా మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో షార్లెట్ స్టింగ్ జట్టు తీసుకుంది. 2001లో ఆ జట్టు మొదటి 11 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్కటి గెలిచి, అక్కడి నుంచి లేచి ఫైనల్స్ దాకా వెళ్లింది. ఫైనల్స్‌లో లాస్ ఏంజెలెస్ చేతిలో ఓటమి. 2005లో హ్యూస్టన్‌కి మారింది, 2006లో ఆటకు వీడ్కోలు చెప్పింది.

ఆడుతూనే కోచింగ్ కూడా చేసిందంటారు, నిజమేనా?

నిజమే. ఆరేళ్లు రెండు పడవల మీద కాళ్లు పెట్టి, మునగకుండా నెట్టుకొచ్చింది.

2000లో సొంత ఊళ్లోని టెంపుల్ యూనివర్సిటీ హెడ్ కోచ్‌గా రమ్మంది. మొదట ఆసక్తి చూపలేదు, ఇంకా ఆడుతోంది కాబట్టి. ఈ జట్టును నువ్వు బాగుచేయగలవా అన్న సవాలే ఆమెను లాగింది. అసిస్టెంట్‌గా ఒక్కరోజు కూడా చేయకుండా నేరుగా హెడ్ కోచ్. అదే ఏడాది సిడ్నీ ఒలింపిక్స్ కూడా ఆడింది.

కుదిరింది ఎలాగంటే, డబ్ల్యూఎన్‌బీఏ సీజన్ వేసవిలో, కాలేజీ సీజన్ నవంబరు నుంచి మార్చి దాకా. క్యాలెండర్ మీద రెండూ ఢీకొనవు. కానీ మనిషికి సెలవంటూ మిగలదు. వేసవిలో తను కోచ్ మాట వినే ప్లేయర్, చలికాలంలో తన మాట ఇరవై ఏళ్ల పిల్లలు వినాలి. ఎలా ఆడాలో చెప్పడమే కాదు, మొన్న వేసవిదాకా ఆడి వచ్చిన మనిషి చెబుతోంది. ఆ మాటకి విలువ వేరు.

టెంపుల్‌లో ఎనిమిది సీజన్లలో 172 గెలుపులు, 80 ఓటములు. ఆరుసార్లు జాతీయ టోర్నీకి వెళ్లారు. 2004-05లో 28 గెలుపులు, 4 ఓటములు; లీగ్ మ్యాచ్‌ల్లో 16-0. అక్కడ ఆమె దగ్గర తయారైన క్యాండిస్ డుప్రీ తర్వాత డబ్ల్యూఎన్‌బీఏలో చాలాకాలం రాణించింది.

కాలేజీ కోచ్ అంటే అసలు ఏం చేస్తారు? మన పీఈటీ సార్ లాంటి పనేనా?

పోలికే లేదు. మనకి కాలేజీ ఆటలంటే ఇంటర్ యూనివర్సిటీ టోర్నమెంటు, ఓ టీషర్టు, ఓ సర్టిఫికెట్. అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ టీవీల్లో వచ్చే పెద్ద వ్యాపారం. దాన్ని ఎన్‌సీఏఏ అనే సంస్థ నడుపుతుంది. మార్చిలో 68 జట్ల నాకౌట్ టోర్నీ ఉంటుంది. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే.

కోచ్ పనిలో కోర్టులో కనిపించేది చాలా చిన్న భాగం. హైస్కూల్లో చదివే అమ్మాయిల్ని వెతకాలి, వాళ్ల ఇళ్లకి వెళ్లి అమ్మానాన్నలతో మాట్లాడాలి, మా కాలేజీకే రండి అని ఒప్పించాలి. దీన్ని రిక్రూటింగ్ అంటారు. చేరాక చదువు, గాయాలు, బెంగలు అన్నీ చూసుకోవాలి. ఇప్పుడు దీనికి తోడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఒకటి, అంటే ప్లేయర్లు తేలిగ్గా ఇంకో కాలేజీకి మారిపోవచ్చు. 2021 జులై నుంచి తమ పేరు, ఫొటో మీద ప్రకటనల డబ్బు కూడా సంపాదించుకోవచ్చు. కాబట్టి ఈ ఏడాది ఉన్న జట్టు వచ్చే ఏడాది ఉంటుందన్న గ్యారంటీ లేదు.

సౌత్ కరోలినాలో మొదటి నుంచీ గెలుస్తూనే ఉందా?

అస్సలు కాదు. 2008-09లో మొదటి సీజన్ 10 గెలుపులు, 18 ఓటములు. ఆ జట్టు ఆడే ప్రాంతీయ లీగ్ ఎస్‌ఈసీలో అయితే మరీ ఘోరం, 2-12. మరుసటి ఏడాది 14-15. మూడో ఏడాదికి గెలుపులు ఓటముల్ని దాటాయి. నాలుగో ఏడాది జాతీయ టోర్నీలో చివరి 16 జట్లలో నిలిచింది. ఫైనల్ ఫోర్‌కి మొదటిసారి చేరింది 2015లో, అంటే ఏడో సీజన్లో.

మన దగ్గర రెండు సిరీస్‌లు ఓడితే కోచ్‌ని మార్చాలని టీవీల్లో చర్చలు పెడతారు. ఆ 2-12 తర్వాత యూనివర్సిటీ కంగారు పడి ఉంటే ఈ పేజీ రాయాల్సిన పనే ఉండేది కాదు.

మలుపు ఎక్కడొచ్చింది?

2014లో ఏజా విల్సన్ చేరినప్పుడు. (A'ja అని రాసే ఆ పేరును ఆసియా అన్న ఇంగ్లిష్ మాటలాగే పలుకుతారు.) ఆ ఏడాది హైస్కూల్ ప్లేయర్లలో దేశంలోనే నంబర్‌వన్ అనుకున్న అమ్మాయి. ఇల్లు క్యాంపస్‌కి దగ్గర్లోని హాప్‌కిన్స్‌లో. కనెక్టికట్, టెన్నెసీ లాంటి పెద్ద కాలేజీలు పిలిచినా ఊళ్లోని కాలేజీనే ఎంచుకుంది. ఇంటి పిల్ల ఇక్కడే ఆడుతోందనేసరికి యూనివర్సిటీ ఉన్న కొలంబియా ఊరంతా కదిలింది. 18 వేల సీట్ల కలోనియల్ లైఫ్ అరీనా నిండడం మొదలైంది. 2014-15 నుంచి మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్‌కి ఎక్కువమంది ప్రేక్షకులు వచ్చే చోటు అదే అయింది.

2017 టోర్నీకి ముందు బుట్ట దగ్గర ఆడే ఇంకో ప్లేయర్ అలైనా కోట్స్ గాయంతో దూరమైంది. భారమంతా విల్సన్ మీదే. సెమీస్‌లో ఎదురైంది ఎవరనుకున్నారు? స్టాన్‌ఫర్డే. అవతల బెంచ్ మీద మళ్లీ వాన్‌డర్‌వీరే. ఈసారి 62-53తో గెలుపు స్టేలీది. ఫైనల్లో మిసిసిపీ స్టేట్ మీద 67-55, విల్సన్ 23 పాయింట్లు. 1991లో చేజారింది 26 ఏళ్లకు దొరికింది. అదే ఏడాది ఆగస్టులో తల్లి ఎస్టెల్ కన్నుమూసింది.

ఆ 66-65 సంగతి చెప్తామన్నారు?

2021 సెమీఫైనల్. సౌత్ కరోలినా, స్టాన్‌ఫర్డ్. ఆఖరి క్షణాల్లో బంతి బుట్ట దగ్గర సౌత్ కరోలినా ప్లేయర్ అలియా బోస్టన్ చేతికొచ్చింది. వేసింది, రింగ్ తాకి బయటికొచ్చింది. హారన్ మోగింది. బోస్టన్ అక్కడే ఏడ్చేసింది. స్కోరు: స్టాన్‌ఫర్డ్ 66, సౌత్ కరోలినా 65.

29 ఏళ్ల కిందట వర్జీనియా ప్లేయర్‌గా స్టేలీ చూసిన అంకెలే, అదే కాలేజీ, అదే కోచ్. సినిమాలో పెడితే మరీ అతి చేశారంటాం. మరుసటి ఏడాది అదే బోస్టన్‌తో వెళ్లి ఫైనల్లో కనెక్టికట్‌ను 64-49తో ఓడించారు. అప్పటిదాకా కనెక్టికట్ 11 ఫైనల్స్ ఆడి ఒక్కటీ ఓడలేదు. కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్-1 బాస్కెట్‌బాల్‌లో, మగవాళ్లయినా ఆడవాళ్లయినా, ఒకటికంటే ఎక్కువ జాతీయ టైటిళ్లు గెలిచిన మొదటి నల్లజాతి కోచ్ స్టేలీయే అయింది.

నెట్ ముక్క కథ ఏంటి?

టైటిల్ గెలిచాక అమెరికాలో ఒక ఆనవాయితీ ఉంది. నిచ్చెన వేసుకుని ఎక్కి, రింగ్‌కి వేలాడే నెట్‌ను కత్తెరతో ఒక్కొక్కరు ఒక్కో ముక్క కత్తిరించుకుంటారు. మిగిలిన నెట్‌ను చివర్లో కోచ్ కోసి, మెళ్లో వేసుకోవడమో గాల్లో తిప్పడమో చేస్తుంది.

1999లో పర్డ్యూ కాలేజీని గెలిపించిన కరోలిన్ పెక్, మహిళల టైటిల్ గెలిచిన మొదటి నల్లజాతి మహిళా కోచ్. ఆమె తన నెట్ నుంచి ఓ ముక్కను స్టేలీకి ఇచ్చింది. స్టేలీ దాన్ని పర్సులో పెట్టుకుని తిరిగింది. చూడ్డానికి తెల్లటి దారం ముక్కే, తెలియనివాళ్లు చూస్తే పారేస్తారు. 2017లో తన నెట్ తనకు వచ్చాక ఆమె వంతు వచ్చింది. 2021లో ఆ నెట్‌ను ముక్కలు చేసి డివిజన్-1లో ఉన్న నల్లజాతి మహిళా హెడ్ కోచ్‌లకు పంపింది. ఒక్కరికి ఇవ్వాల్సిన చోట అందరికీ ఇచ్చింది. చూశారా, ఇక్కడ కూడా పాయింట్ గార్డ్ బుద్ధే. బంతి చేతిలో ఎక్కువసేపు ఉంచుకోదు.

38-0 సీజన్ అంత గొప్పదా?

2023-24లో ఆడిన 38 మ్యాచ్‌లూ గెలిచారు. గొప్పదే, ఎందుకంటే ఎవరూ ఊహించలేదు. 2023లో బోస్టన్‌తో సహా ఐదుగురు ఒకేసారి డబ్ల్యూఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ జట్లు కొత్త ప్లేయర్లను ఎంచుకునే చోట, వెళ్లిపోయారు. మిగిలింది అల్లరి పిల్లల గుంపు. స్టేలీ సరదాగా వాళ్లని "డేకేర్" అనేది.

ఆ డేకేర్ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఓడబోయింది మాత్రం ఒకసారి. 2024 ఎస్‌ఈసీ టోర్నీ సెమీస్, టెన్నెసీ రెండు పాయింట్ల ఆధిక్యం, మిగిలింది 1.1 సెకన్లు. బంతి చేరింది 6 అడుగుల 7 అంగుళాల బ్రెజిల్ సెంటర్ (ఎక్కువగా బుట్ట దగ్గరే ఆడే ప్లేయర్) కమిల్లా కార్దోసోకి, అదీ త్రీ పాయింట్ గీత బయట, దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లొచ్చే చోట. అప్పటిదాకా కాలేజీలో ఆమె ఒక్క త్రీ పాయింటర్ కూడా వేయలేదు. అందరికీ టెన్షన్. విసిరింది, బోర్డుకి తగిలి లోపల పడింది. 74-73. బెంచ్ అంతా కోర్టులోకి దూకేసింది.

ఏప్రిల్‌లో ఫైనల్, అవతల అయోవా, వాళ్ల స్టార్ ప్లేయర్ కైట్లిన్ క్లార్క్. మనకి అది అర్ధరాత్రి దాటాక 12:30కి మొదలైంది. క్లార్క్ మొదటి క్వార్టర్‌లోనే 18 పాయింట్లు కొట్టేసింది. స్టేలీ పిల్లలు తడబడలేదు, 87-75తో ముగించారు. ఆ మ్యాచ్‌ను అమెరికాలో సగటున కోటీ 80 లక్షలకు పైగా జనం చూశారు. ఆ ఏడాది మగవాళ్ల ఫైనల్‌కి కూడా అంతమంది లేరు.

మరి ఓటములు?

అవీ ఉన్నాయి. 2020లో 32-1తో నంబర్‌వన్‌గా ఉండగా కోవిడ్ వల్ల టోర్నీయే రద్దయింది. 2023లో ఒక్క ఓటమీ లేకుండా వచ్చి సెమీస్‌లో అయోవా చేతిలో 77-73తో పోయారు, క్లార్క్ 41 పాయింట్లు. 2024 నవంబరులో యూసీఎల్ఏ అనే కాలేజీ 43 మ్యాచ్‌ల జైత్రయాత్రకు బ్రేక్ వేసింది. 2025 ఫైనల్లో కనెక్టికట్ 82-59తో చిత్తు చేసింది. ఆ రోజు మ్యాచ్‌లో సౌత్ కరోలినా ఎక్కడా కనిపించలేదు, దాన్ని సర్దిచెప్పడానికి ఏమీ లేదు.

జీతం ఎంత?

2021లో ఏడేళ్లకు 2.24 కోట్ల డాలర్ల ఒప్పందం. 2025 జనవరిలో దాన్ని మార్చి ఏడాదికి 40 లక్షల డాలర్లకు పెంచారు, మన లెక్కలో సుమారు 34 కోట్ల రూపాయలు. మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అప్పటికి అదే అత్యధికం.

మగవాళ్ల ఎన్‌బీఏ జట్టుకి కోచ్ అవుతుందా?

2025లో న్యూయార్క్ నిక్స్ హెడ్ కోచ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లానని ఆమే చెప్పింది. ఉద్యోగం మైక్ బ్రౌన్‌కి దక్కింది. ఎన్‌బీఏలో ఇప్పటిదాకా పూర్తిస్థాయి మహిళా హెడ్ కోచ్ లేరు.

మంచి ప్లేయర్లందరూ మంచి కోచ్‌లు అవుతారా?

కారు. చాలామంది గొప్ప ఆటగాళ్లకి తమకు సహజంగా వచ్చేది ఎదుటివాళ్లకి ఎందుకు రాదో అర్థం కాదు. ఓపిక ఉండదు. స్టేలీ విషయంలో రెండు తేడాలు కనిపిస్తాయి. ఒకటి, ఆమె పొజిషనే పక్కవాళ్లని ఆడించేది. రెండు, చివరి మెట్టు మీద జారిపడటం ఎలా ఉంటుందో మూడుసార్లు చూసింది. బోస్టన్ ఏడుస్తున్నప్పుడు ఆమెకి ఎవరూ వివరించాల్సిన పని లేదు.

కొలంబియా వెళ్తే చూడటానికి ఏమైనా ఉందా?

షార్లెట్‌లో ఉండే తెలుగువాళ్లకి కారులో గంటన్నర. శీతాకాలంలో అయితే మ్యాచ్ చూడండి, టికెట్ ముందే తీసుకోండి. ఎప్పుడు వెళ్లినా రెండు విగ్రహాలు ఉంటాయి. 2025 ఏప్రిల్ 30న ఆవిష్కరించిన స్టేలీ కంచు విగ్రహం ఊరి నడిబొడ్డున ఉంది. నిచ్చెన మీద నిలబడి, చేతిలో కోసిన నెట్ పట్టుకుని ఉంటుంది. రెండోది అరీనా బయట, 2021లో పెట్టిన ఏజా విల్సన్ విగ్రహం. దాని ఆవిష్కరణ రోజు విల్సన్ తన అమ్మమ్మ గురించి చెప్పింది. నల్లవాళ్లని రానివ్వని ఆ రోజుల్లో ఆవిడ చిన్నపిల్లగా ఈ క్యాంపస్‌లోంచి నడవలేక, చుట్టూ తిరిగి వెళ్లేదట.